ఒకే పళ్ళెంలో నా ముందున్న భాగం

మొరాకో నుంచి కడపకు తిరిగి వచ్చి ఏడాదిన్నర దాటింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలోనో పేరంటాల్లోనో ఎవరో ఒకరు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని "ఆ దేశంలో జనం ఎట్లుంటారమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. "మన మాదిరే ఉంటారు పెద్దమ్మా" అని చెప్పి ఊరుకొన్న ప్రతిసారీ, సగం నిజమే చెప్పానన్న వెలితి నాలో మిగిలిపోతోంది. మిగతా సగం నాలుగు మాటల్లో తేలేది కాదు. అందుకే తీరిక చేసుకొని ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన సౌర విద్యుత్ పనుల మీద వెళ్ళవలసి రావడంతో 2023 జనవరి నుంచి 2024 ఏప్రిల్ వరకు మేము వర్‌జాజాత్ అనే ఊళ్ళో ఉన్నాము. మర్రాకేష్ నగరం నుంచి 2,260 మీటర్ల ఎత్తున్న టిజి న్ టిష్కా కనుమ దాటి, అట్లాస్ పర్వతాలకు దక్షిణంగా దిగితే వచ్చే ఎడారి అంచు పట్టణమది. 580 మెగావాట్ల నూర్ సౌర కేంద్రం ఆ ఊరి పొలిమేరలోనే ఉంది. ముద్దనూరు దాటి జమ్మలమడుగు వైపు పోయేటప్పుడు కనిపించే ఎర్రటి గుట్టలూ, చెట్టు లేని బయళ్ళూ, దూరంగా గాలికి లేచే దుమ్మూ అక్కడ కూడా అలాగే కనిపించడంతో మొదటి రోజే నాకు కొంత ధైర్యం కలిగింది. శీతకాలం ఉదయం కిటికీ తెరిస్తే ఆ ఎర్ర నేల వెనుక తెల్లటి మంచుకొండలు నిలబడి ఉండడం ఒక్కటే నా కళ్ళకు అలవాటు లేని దృశ్యం.

నిజానికి బయలుదేరే ముందే నాకు మరో రకమైన ధైర్యం ఉండేది. నేను పుట్టి పెరిగింది అమీన్ పీర్ దర్గాకు నడిచి వెళ్ళేంత దూరంలో. మా గోడకు ఆనుకొని ఉన్న ఇల్లు ముస్లింలది. రంజాన్ నాడు వాళ్ళ ఇంటి నుంచి సేమ్యా మా ఇంటికి, ఉగాది నాడు మా ఇంటి నుంచి బొబ్బట్లు వాళ్ళ ఇంటికి వెళ్ళేవి. ఉగాది రోజున దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకొని రావడం మా ఊళ్ళో ఎవరికీ వింత కాదు. కనుక ముస్లిం దేశమైనంత మాత్రాన నాకు కొత్తేముంటుందని అనుకొన్నాను. ఆ నమ్మకం పూర్తిగా తప్పని అనను గానీ, అది ఎంత చిన్న కొలతతో కొలిచిన నమ్మకమో మొదటి శుక్రవారం మధ్యాహ్నమే తెలిసింది.

మేము పై అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఆ ఇంటి పెద్దావిడను వీధి మొత్తం ఖాల్తీ అని పిలిచేది. ఖాల్తీ అంటే అమ్మ తోడబుట్టినది, మన లెక్కలో పెద్దమ్మో పిన్నమ్మో. కడపలో మా వీధి పిల్లలు ఖాలా అని పిలిచే మాటే ఇది కూడా అని తెలియగానే నాకు నోరు సులభంగా తిరిగింది. మరో పిలుపు మాత్రం అలవాటు పడడానికి చాలా రోజులు పట్టింది. అక్కడ పెద్దవయసు మగవారిని గౌరవంగా "అమ్మీ" అంటారు, అంటే చిన్నాయన అని. మా సీమలో ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాటతో తెల్లగడ్డం ముసలాయనను పలకరించవలసి వచ్చినప్పుడు మొదట్లో గొంతు పెగిలేది కాదు.

ఆ శుక్రవారం ఖాల్తీ మమ్మల్ని భోజనానికి రమ్మంది. మొరాకోలో శుక్రవారం మధ్యాహ్నం అంటే కుస్కుస్. నమాజు ముగించుకొని మగవారు ఇంటికి చేరే వేళకు దాదాపు ప్రతి ఇంట్లోనూ అదే వండి ఉంటుంది. గోధుమ నూకను నీళ్ళూ నూనే చిలకరించి అరచేతులతో నలిపి, గింజకు గింజ అంటకుండా విడదీసి, మూడుసార్లు ఆవిరి మీద ఉడికిస్తారు. కింది పాత్రలో కూరలూ మాంసమూ ఉడుకుతుంటే ఆ ఆవిరే పై పాత్రలోని నూకను ఉడికిస్తుంది. రెండు పాత్రల నడుమ సందులో నుంచి ఆవిరి పోకుండా పిండి నీళ్ళలో తడిపిన గుడ్డను చుట్టూ బిగిస్తారు. ఆ పని మొత్తం కనీసం రెండు గంటలు పడుతుంది. 2020లో యునెస్కో ఈ వంట పరిజ్ఞానాన్ని మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మౌరిటానియా దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఖాల్తీకి ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. ఆమె చేతుల కింద ఆ నూక ఇసుకలా జారుతుంటే చూసిన వారికి ఆ గుర్తింపు గురించి వేరే చెప్పనక్కరలేదు.

చెప్పులు గడప దగ్గర విడిచి లోపలికి వెళ్ళాము. గోడల వెంట పరుపులు పరిచిన ఆ గది ఇంట్లోకెల్లా పెద్దది, అది అతిథుల కోసమే. ఇంటి కుర్రవాడు ఒక ఇత్తడి పళ్ళెమూ, కొమ్ము చెంబూ, భుజం మీద తువ్వాలూ తెచ్చి ఒక్కొక్కరి ముందూ వంగి చేతుల మీద గోరువెచ్చని నీళ్ళు పోశాడు. తరువాత పొట్టి గుండ్రటి బల్ల మీదికి మా అమ్మ పిండి పిసికే తాంబాళమంత మట్టి పళ్ళెం వచ్చింది. కుప్పగా పోసిన కుస్కుస్, దాని మీద నిలువుగా పేర్చిన క్యారెట్టు, ముల్లంగి లాంటి ఒక దుంప, క్యాబేజీ, తియ్యగుమ్మడి ముక్కలు, శనగలు, నడుమ మాంసం. ఏడుగురం చుట్టూ కూర్చున్నాము. నేను విడి పళ్ళేల కోసం చూశాను. రాలేదు. నా చేతిలో ఒక చెంచా మాత్రం పెట్టారు.

ఎంగిలి అన్న మాటకు మన మనసులో ఎంత లోతున వేరు ఉందో ఆ నిమిషంలో తెలిసింది. మా నాయనమ్మ చెంబు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్ళు తాగేది. పిల్లలం తింటున్న చేత్తో గరిటె ముట్టుకొంటే ఆ గిన్నె మొత్తం పక్కన పెట్టేది. చదువుకొన్నాను, ఉద్యోగం చేశాను, ఇలాంటివి పట్టించుకోనని నాకు నేను చెప్పుకొన్నాను. అయినా ఏడుగురి చెంచాలు ఒకే పళ్ళెంలో దిగబోతుంటే నా చేయి ఆగిపోయింది. "బిస్మిల్లా" అని ఖాల్తీ మొదలుపెట్టింది. మర్యాద కోసం నేను కూడా అంచున ఒక చెంచా తీసుకొని, తింటూ అందరి చేతుల వైపూ చూస్తూ కూర్చున్నాను.

చూడగా చూడగా ఒక విషయం కనిపించింది. ఎవరి చేయీ పక్కవారి వైపు పోవడం లేదు. ప్రతి ఒక్కరూ తమ ముందున్న అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తింటూ పోతున్నారు. కాసేపటికి ఆ కుప్ప చుట్టూ ఏడు గుంటలు ఏర్పడ్డాయి, గుంటకూ గుంటకూ నడుమ పొలం గట్టులా కుస్కుస్ నిలబడి ఉంది. నడుమ ఉన్న మాంసాన్ని ఎవరూ ముట్టలేదు. చివరలో ఖాల్తీయే దానిని చేత్తో విడదీసి ఒక్కొక్కరి భాగంలో పెట్టింది. అందరూ చాలించాక మధ్యలో మిగిలినది ఎవరి చెంచా తగలనిది, కనుక దానిని తీసి మరొకరికి పెట్టవచ్చు. ఆ రోజు అలాగే మిగిలినదానికి మరికొంత చేర్చి వీధి చివర రాత్రి కాపలా ఉండే మనిషికి పంపారు. మన ఇళ్ళలో కంచానికి కంచానికీ మధ్య ఉండే హద్దే అక్కడ ఒకే కంచంలో గీసుకొని ఉంది. చిన్నపిల్లలు ఆ హద్దు దాటితే పక్కనున్న పెద్దవాళ్ళు చప్పుడు చేయకుండా చెయ్యి పట్టుకొని వెనక్కు తెస్తారు.

ఇది పూర్తిగా అర్థం కాకముందే నేను ఒక పొరపాటు చేశాను. అవతలి వైపున్న తియ్యగుమ్మడి ముక్క మీద ఆశపడి, చెంచా చాచి అందుకొన్నాను. ఎవరూ ఏమీ అనలేదు, నవ్వలేదు, ముఖాలు చూసుకోలేదు. ఖాల్తీ మాత్రం తన ముందున్న గుమ్మడి ముక్కలన్నీ ఒకటొకటిగా నా వైపుకు నెట్టింది. ఆ తరువాత నేను ఆ ఇంట్లో తిన్న శుక్రవారాలు ముప్పైకి తక్కువ ఉండవు. ప్రతిసారీ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాక, గుమ్మడి ముక్కలు నా వైపు వచ్చేదాకా ఆమె దానిని మెల్లగా తిప్పేది.

కుస్కుస్‌తో పాటు వాళ్ళు తాగేది లబన్. అది అచ్చంగా మన మజ్జిగే. ఎండాకాలం మధ్యాహ్నం రాగి సంగటి తిన్నాక గ్లాసు మజ్జిగ తాగిన తృప్తి అంత దూరంలో దొరుకుతుందని నేను ఊహించలేదు. మాంసం విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. మేము గొడ్డు మాంసం తినమని మా ఆయన మొదటి రోజే కాస్త మొహమాటంగా చెప్పారు. ఆ మాట మేము రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. మేము వస్తున్నామంటే ఆ పూట ఇంటిల్లిపాదికీ కోడో పొట్టేలో వండేవారు. మాకోసం వేరే గిన్నె పెట్టి పక్కకు కూర్చోబెట్టే ఆలోచన వాళ్ళకు రాలేదు. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళలో ఒకరికి కానిది ఆ పళ్ళెంలోకే రాకూడదన్నది వాళ్ళ లెక్క.

పెట్టే మర్యాద మనకు కొత్త కాదు. కొసరి కొసరి వడ్డించడం, వద్దంటే విస్తరి మీద చేయి అడ్డం పెట్టేదాకా ఊరుకోకపోవడం సీమ ఇళ్ళలో పుట్టినవారెవరికీ చెప్పనక్కరలేదు. అయితే పెట్టించుకోవడంలో కూడా అంతే నేర్పు కావాలని నేను అక్కడే గ్రహించాను. మనం వెళ్ళిన చోట "ఇప్పుడే తిని వచ్చాం", "మీకెందుకు శ్రమ" అని తప్పించుకోవడమే మర్యాద అనుకొంటాము. ఖాల్తీ ఇంట్లో ఆ మాట అంటే ఆమె ముఖం చిన్నబోయేది. "కూలీ, కూలీ" అంటే తిను తిను అని అర్థం. దానికి సరైన జవాబు వద్దనడం కాదు, మరికొంచెం తీసుకొని మెల్లగా తినడం. నిజంగా చాలయ్యాక "అల్హమ్దులిల్లా" అని చెంచా కింద పెట్టాలి, లేచేటప్పుడు "అల్లా యిఖ్లెఫ్" అనాలి, అంటే మీరు పెట్టినదానికి దేవుడు మీకు మళ్ళీ ఇవ్వాలని. మా నాయన భోజనం ముగించి "అన్నదాతా సుఖీభవ" అనడం గుర్తుకు వచ్చి, ఆ రెండు మాటలూ నేను ఎంతో ఇష్టంగా నేర్చుకొన్నాను.

పలకరింపు సంగతి దీనికంటే కష్టమైంది. "లాబాస్?" అంటే "ఏ కీడూ లేదు కదా?" అని. ఎదుటివారు దానికి "లాబాస్" అనే జవాబిచ్చి, తిరిగి మనల్ని అడుగుతారు. "కుల్షీ బిఖైర్?" అన్నీ క్షేమమేనా? ఇంట్లోవాళ్ళు? అమ్మ? పిల్లలు? ఆరోగ్యం? పని? ఒకరి ప్రశ్న పూర్తి కాకముందే మరొకరి ప్రశ్న మొదలై, రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ ఒక నిమిషం సాగుతుంది. ఈ నిమిషంలో ఎవరూ తమ కష్టాలు ఏకరువు పెట్టరు, అడిగినవారూ వాటిని ఆశించరు. చేయి కలిపాక ఆ చేతినే గుండె మీద పెట్టుకొంటారు. ఆడవాళ్ళు చెంపకు చెంప ఆనిస్తారు, చిన్నవాళ్ళు పెద్దల చేతినో తలనో ముద్దు పెట్టుకొంటారు. నేను మొదట్లో వీధి మొదట ఉన్న చిన్న అంగడికి వెళ్ళి, నేరుగా "రెండు పాల ప్యాకెట్లు" అనేదానిని. అంగడి అబ్బాయి ఇచ్చేవాడు గానీ, అతడి ముఖంలో ఏదో తడబాటు కనిపించేది. ఒకరోజు నాతో వచ్చిన ఖాల్తీ కోడలు నెమ్మదిగా చెప్పింది: "నువ్వు అతన్ని చూడలేదు, పాలనే చూశావు." మరుసటి రోజు నుంచి నేను ముందు అతడి తల్లి ఎలా ఉందో అడిగాను. పాలు తరువాత అడిగాను.

ఆ అంగళ్ళ గురించి ఇంకాస్త చెప్పాలని ఉంది, ఎందుకంటే అక్కడ నాకు మా చిన్ననాటి కడప కనిపించింది. ప్రతి వీధికీ అలాంటి అంగడి ఒకటి ఉంటుంది. ఇంటింటికీ ఒక అప్పు పుస్తకం, నెల జీతం రాగానే లెక్క తీర్చడం, తాళం చెవులు అక్కడ ఇచ్చి పోవడం, బడి నుంచి వచ్చిన పిల్లలు అమ్మ వచ్చేదాకా అక్కడే కూర్చోవడం. సంతలో కూరలమ్మే పెద్దవాళ్ళ దగ్గర మరో విశేషం ఉంది. వాళ్ళు ఇప్పటికీ ఆ దేశపు డబ్బైన దిర్హములలో కాకుండా ర్యాల్‌లలో లెక్క చెబుతారు. ఇరవై ర్యాల్‌లు ఒక దిర్హము. ర్యాల్ అనే నాణెం చలామణీలో లేదు, నోటి లెక్కలో మాత్రమే బతికి ఉంది. మొదటిసారి పుదీనా, కొత్తిమీర, కాసిని ఉల్లిగడ్డలు తీసుకొంటే ఆయన వంద అన్నాడు. నేను హడలిపోయి నూరు దిర్హముల నోటు తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాను. ఆయన నా రెండో చేతిలోని చిల్లరలో నుంచి అయిదు దిర్హముల నాణెం ఒక్కటి ఏరుకొని, నోటును మడిచి నా గుప్పిట్లో పెట్టి, గుప్పిట మూసి తట్టాడు. డెబ్బై అయిదు పైసలను పన్నెండణాలు అనే మా నాయనమ్మ మాట ఆ క్షణంలో నా చెవిలో వినిపించింది.

తేనీటి గురించి రాయకుండా మొరాకో గురించి రాయడం కుదరదు. చిత్రమేమంటే, వాళ్ళు తమదిగా భావించే ఆ పుదీనా తేనీటిలో ఆకు చైనా నుంచి వస్తుంది. 19వ శతాబ్దం నడుమ, క్రిమియా యుద్ధం వల్ల తమ సరుకుకు వేరే అంగడి వెతుక్కోవలసి వచ్చిన ఇంగ్లీషు వర్తకులు టాంజియర్, మొగదోర్ రేవుల్లో ఈ ఆకును దించాకే అది మొరాకోలో ఇంటింటికీ చేరింది. అంత ఆలస్యంగా వచ్చిన వస్తువు చుట్టూ ఇంత శ్రద్ధ పేరుకొనడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఖాల్తీ ముందుగా కొంచెం మరిగే నీళ్ళు ఆకు మీద పోసి, కూజాను రెండుసార్లు తిప్పి, ఆ నీటిని ఒక గాజు గ్లాసులోకి వంచి పక్కన దాచేది. అది ఆకు సారమట, పారబోయకూడదు. రెండోసారి పోసిన నీళ్ళు మాత్రం ఆకు చేదునూ దుమ్మునూ కడిగేందుకు, వాటిని పారబోసేది. దాచిన గ్లాసును తిరిగి కూజాలో పోసి, నీళ్ళు నింపి, పొయ్యి మీద పెట్టి, గుప్పెడు పుదీనా, చక్కెర దిమ్మ నుంచి సుత్తితో కొట్టిన గడ్డలు వేసేది. చెంచాతో కలపదు. గ్లాసులోకి పోసి తిరిగి కూజాలోకి, మళ్ళీ గ్లాసులోకి, మళ్ళీ కూజాలోకి. చివరకు చేయి భుజమెత్తుకు లేపి సన్నటి ధారగా పోస్తే గ్లాసు పైన నురగ కట్టేది. నురగ లేకపోతే ఆమె ఆ గ్లాసు అతిథికి ఇచ్చేది కాదు. మనవారు కాఫీని లోటాలోకీ గిన్నెలోకీ ఎత్తి పోసి నురగ తెప్పించడం చూసి పెరిగిన నాకు ఆ చేతి కదలిక బాగా తెలిసినదే.

ఆ చక్కెర దిమ్మ గురించి ఒక్క మాట. రెండు కిలోల బరువు, గోపురం ఆకారం, దళసరి కాగితం చుట్టి ఉంటుంది. నిశ్చితార్థానికి వెళ్ళినా, పురిటి బిడ్డను చూడబోయినా, చావు ఇంటికి పలకరింపుకు వెళ్ళినా దానినే తీసుకొని వెళతారు. మంచికీ చెడుకూ ఒకే వస్తువు పట్టుకుపోవడం మనకు మింగుడుపడదు. నేను ఒకసారి దిమ్మ చేతిలో పట్టుకొని, ఇది ఏ ఇంటికి వెళుతోందో ఎదురుపడినవారికి ఎలా తెలుస్తుందని అడిగాను. "వీధిలోవాళ్ళకు తెలియకుండా ఉంటుందా?" అంది ఖాల్తీ.

రొట్టె పట్ల వాళ్ళ భక్తి నన్ను కదిలించింది. దారిలో రొట్టె ముక్క కనబడితే సూటు వేసుకొన్న ఉద్యోగి కూడా వంగి, తీసి, పెదవులకు తాకించి, ఎవరి కాలూ తగలని గోడ మీద పెట్టి పోవడం నేను చాలాసార్లు చూశాను. ఎండిపోయిన రొట్టెలను చెత్తలో కలపరు, వేరే సంచిలో కట్టి పశువుల కోసం ఇస్తారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకు అద్దుకొనే మనకు ఆ భావం వివరించనక్కరలేదు. అయితే ఈ మధ్య మన పెళ్ళి భోజనాల దగ్గర విస్తళ్ళలో వదిలేసే అన్నాన్ని చూసినప్పుడల్లా ఆ గోడ మీది రొట్టె ముక్కలు గుర్తుకు వచ్చి బాధ కలుగుతోంది.

హమ్మాముకు, అంటే అందరూ వెళ్ళే ఆవిరి స్నానశాలకు, వెళ్ళడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పదిమంది ఆడవాళ్ళ మధ్య లోదుస్తులతో స్నానం చేయడమంటే మన పెంపకంలో ఊహకు కూడా రాదు. ఖాల్తీ కోడలు రెండు బకెట్లు, ఆలివ్ నూనెతో చేసిన నల్లటి మెత్తటి సబ్బు, కెస్సా అనే గరుకు చేతితొడుగు తెచ్చి, ఒక చేయి పట్టుకొని తీసుకుపోయింది. ఆవిరి గదిలో సబ్బు పూసుకొని కాసేపు కూర్చున్నాక, ఆ గరుకు తొడుగుతో ఒళ్ళు రుద్దుతుంటే మట్టి నూలుపోగుల్లా చుట్టుకొని రాలింది. సున్నిపిండితో అమ్మ రుద్దిన ఉగాది తలంట్లు గుర్తుకు వచ్చాయి. వీపు ఎలా అని నేను అనుకొంటుండగానే పక్కన కూర్చొన్న, నేను అంతకు ముందెన్నడూ చూడని పెద్దావిడ నా భుజం తట్టి, వెనక్కు తిరగమని సైగ చేసి, నా వీపు రుద్దడం మొదలుపెట్టింది. అది పూర్తి చేసి తన చేతితొడుగు నాకిచ్చి తన వీపు నా వైపు తిప్పింది. పేర్లు అడుక్కోలేదు. బయటికి వచ్చాక ఎదురైన ప్రతి మనిషీ "బ్సహ్హా" అన్నారు, ఆరోగ్యం కలగాలని. కొత్త బట్టలు కట్టుకొన్నా, జుట్టు కత్తిరించుకొన్నా అదే మాట. పెళ్ళయి వచ్చిన తరువాత ఒకరి చేత ఒళ్ళు రుద్దించుకొన్నది నేను ఆ రోజే.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. సాయంత్రం వేళ కాఫీ హోటళ్ళ ముందు కుర్చీలన్నీ వీధి వైపు తిప్పి మగవాళ్ళు గంటల తరబడి కూర్చుంటారు. రబాత్, కాసాబ్లాంకా లాంటి పెద్ద నగరాల్లో ఆడపిల్లలు హాయిగా వెళ్ళి కూర్చోవడం చూశాను గానీ, మేమున్న వర్‌జాజాత్‌లో ఆ కుర్చీల ముందుగా నడిచి పోవడమే ఇబ్బందిగా ఉండేది. అలాంటి చోట ఒక్కదాన్నే కూర్చొని కాఫీ తాగాలని అనిపించినా, పదిహేను నెలల్లో ఒక్కసారి కూడా కూర్చోలేకపోయాను. "హ్‌షూమా" అనే మాట అక్కడ రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. సిగ్గు, నామోషీ, నలుగురూ ఏమనుకొంటారో అన్న భయం, ఈ మూడూ కలిసిన మాట అది. పెద్దల ముందు గొంతు పెంచితే హ్‌షూమా, అతిథిని తేనీరు ఇవ్వకుండా పంపితే హ్‌షూమా. ఆ మాట మనుషులను మర్యాదగా ఉంచుతుంది నిజమే. అయితే దాని బరువు ఎక్కువగా మోసేది ఆడపిల్లలేనని నాకు అనిపించింది, ఈ విషయంలో మన ఊరికీ ఆ ఊరికీ పెద్ద తేడా లేదు.

2023 సెప్టెంబరు 8 రాత్రి పదకొండు దాటాక భూకంపం వచ్చింది. 6.8 తీవ్రత. పర్వతాలకు అవతల అల్ హవూజ్ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే కూలిపోయాయి, దేశంలో 2,900 మందికి పైగా చనిపోయారు. మా ఇల్లు ఊగింది గానీ నిలబడింది. వీధి వీధంతా దుప్పట్లతో బయటికి వచ్చి ఖాళీ స్థలంలో పడుకొంది. తెల్లవారేసరికి ఖాల్తీ చిన్న గ్యాసు పొయ్యి, కూజా, గ్లాసుల పళ్ళెం బయటికి తెప్పించి, మట్టిలో కూర్చొని, ఆకు కడిగే నీళ్ళ దగ్గర నుంచి నురగ దాకా ఒక్క అడుగు కూడా తగ్గించకుండా తేనీరు చేసింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. గ్లాసు అందిస్తూ నన్ను అడిగింది: "లాబాస్?" ఆ మాటకు అసలు అర్థం ఏమిటో, ఏ కీడూ లేదు కదా అని అడగడం ఎందుకు మొదలైందో ఆ ఉదయం నాకు అర్థమైంది. ఆ వారమంతా పరుపులు, దుప్పట్లు, పిండి, నూనె, చక్కెర దిమ్మలు నింపుకొన్న వాహనాలు దేశం నలుమూలల నుంచీ కొండల వైపు వెళ్ళాయి. మా అంగడి అబ్బాయి తన అంగట్లోని పాలన్నీ ఎక్కించి పంపాడు.

ఖాల్తీ బంధువు ఒకాయన ఆ రాత్రి పోయాడు. ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు, చుట్టుపక్కల ఇళ్ళ నుంచే అన్నం వెళ్ళింది, మన దగ్గర లాగే. ఆయన భార్యను మాత్రం కొన్ని వారాల తరువాత చూసి నేను ఉలిక్కిపడ్డాను. తల గుడ్డ నుంచి మేజోళ్ళ వరకు అంతా తెలుపే. అక్కడ భర్త పోయిన ఆడవారు నాలుగు నెలల పది రోజులు తెలుపు ధరిస్తారు. గడువు ముగిశాక మామూలు బట్టలు కట్టుకొంటారు, రంగులు వేసుకొంటారు, ఇష్టమైతే మళ్ళీ పెళ్ళి చేసుకొంటారు. తెల్లచీరతోనే బతుకంతా గడిపిన మా పెద్దత్తమ్మ గుర్తుకు వచ్చి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు ఖాల్తీ నెలకోసారైనా ఫోన్ చేస్తుంది. నాకు వచ్చిన దారిజా, అంటే అక్కడి వాడుక అరబ్బీ, కొంచెం, ఆమె కోడలికి వచ్చిన ఇంగ్లీషు కొంచెం కలిపి మాట్లాడుకొంటాము. 2025 ఫిబ్రవరిలో అక్కడి రాజు ఆరవ మొహమ్మద్, వరుస కరువుల వల్ల గొర్రెల మందలు బాగా తగ్గిపోయాయి కనుక ఈసారి బక్రీదుకు ఖుర్బానీ ఇవ్వవద్దని ప్రజలను కోరాడు. పండుగ నాడు నేనే ఫోన్ చేశాను. ఎండు చెరువుల జిల్లాలో పుట్టినదాన్ని, పశువులకు మేత లేక అమ్ముకోవడమంటే ఏమిటో తెలుసు, ఆమె మనసు ఎలా ఉందో కనుక్కోవాలన్నది నా ఆత్రం. అయినా ముందు లాబాస్ అన్నాను. కోడలిని అడిగాను, మనవళ్ళను అడిగాను, ఆమె నడుము నొప్పి అడిగాను, అంగడి అబ్బాయి తల్లిని అడిగాను. ఆమె మా అమ్మ మోకాళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టింది. పొట్టేలు మాట రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. "ఈ ఏడాది కోడితో కుస్కుస్ చేశాను" అంది. పక్కనే కూర్చొని ఒత్తులు చేసుకొంటున్న మా అమ్మ తల ఎత్తి, గుమ్మడికాయ వేసిందో లేదో అడగమంది.